ల్యాబ్‌లో రాసిన లివర్ సాఫ్ట్‌వేర్‌కు సీడీఎస్‌సీఓ లైసెన్సు: నా అనుభవం

బతికున్న దాత నుంచి కాలేయంలో కొంత భాగం తీసి వేరొకరికి అమర్చే ముందు సర్జన్‌కు రెండు అంకెలు కావాలి. దాత ఒంట్లో మిగిలే భాగం మొత్తం కాలేయంలో ఎంత శాతం, ఇచ్చే భాగం బరువు గ్రహీత శరీర బరువులో ఎంత శాతం. మామూలుగా మొదటిది 30కి, రెండోది 0.8కి తగ్గకుండా చూసుకుంటారు. సీటీ స్కాన్ నుంచి ఈ రెంటినీ లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ మా ల్యాబ్‌లో పరిశోధన కోసం పైథాన్‌లో తయారైంది. వాడి చూసిన సర్జన్లు రోజువారీ కేసులకూ అడగడం మొదలుపెట్టారు. దాన్ని రోగుల కోసం వాడుకునేలా కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ (సీడీఎస్‌సీఓ) నుంచి లైసెన్సు తెచ్చిన పనిలో నేను మొదటి నుంచి ఉన్నాను. ఏది ముందు, ఏది తరవాత, ఎక్కడ ఆగిపోతుంది, ఎందుకు ఆగిపోతుంది అన్నవి ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక అపోహ సంగతి. తెర మీద ‘పరిశోధనకు మాత్రమే’ అని రాసి ఉంది కదా, ఇబ్బంది లేదు అనుకునేవారు చాలామంది. ఆ తెర మీది అంకె కేసు షీట్‌లోకి ఎక్కిన క్షణం నుంచి ఆ మాట ఎవరినీ కాపాడదు. 2020 ఫిబ్రవరి 11న వచ్చిన కేంద్ర నోటిఫికేషన్ వైద్య పరికరం నిర్వచనంలో సాఫ్ట్‌వేర్‌ను పేరుపెట్టి చేర్చింది. అది 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. వైద్య పరికరాల నియమాలు, 2017 పరికరాలను రిస్కు తక్కువ నుంచి ఎక్కువకు ఏ, బీ, సీ, డీ తరగతులుగా విడగొడతాయి. వాటి కింద ఏ, బీ తరగతులకు 2022 అక్టోబరు 1 నుంచి, సీ, డీ తరగతులకు 2023 అక్టోబరు 1 నుంచి లైసెన్సు తప్పనిసరి అయింది. ఉచితంగా ఇస్తున్నాం, కోడ్ అందరికీ తెరిచే ఉంది అనే కారణాలు ఆ నిర్వచనంలో ఎక్కడా లేవు. అది చూసేది దేనికోసం తయారుచేశారన్న ఒక్క సంగతినే. యూరోపులో 2017/745 నిబంధన 5(5) అధికరణం కొన్ని షరతుల మీద ఆసుపత్రులు సొంతంగా తయారుచేసుకుని తమలో తామే వాడుకోవడానికి దారి ఇస్తుంది. మన నియమాల్లో అలాంటి ప్రత్యేక అధికరణం లేదు. అక్కడి వ్యాసాలు చదివి ఇక్కడ ప్లాన్ వేసుకోకండి.

అన్నిటికంటే ముందు రాయాల్సింది ఉద్దేశిత వినియోగం. నాలుగైదు వాక్యాలే, కానీ మా ప్రాజెక్టులో అన్నిటికంటే ఎక్కువసార్లు తిరగరాసిన పేరా అదే. మొదటి ముసాయిదాలో ‘కాలేయ సర్జరీలో వైద్యులకు తోడ్పడే సమగ్ర సాఫ్ట్‌వేర్’ అని ఉంది. ఆ వాక్యాన్ని నిలబెట్టాలంటే పిల్లల్లో, కణితులు ఉన్న కాలేయాల్లో, సిర్రోసిస్‌లో, ఎంఆర్‌ఐలో, అన్నిట్లోనూ రుజువు చూపాలి. చివరికి ఇలా కుదించాం: ‘18 ఏళ్లు దాటి, కాలేయ దాతలుగా పరిశీలనలో ఉన్నవారి కాంట్రాస్ట్ సీటీలో, పోర్టల్ వీనస్ దశలో, స్లైసుల మధ్య దూరం 1.5 మి.మీ. మించని స్కాన్ల మీద, శిక్షణ పొందిన రేడియాలజిస్టు హద్దు గీతలను సరిచూసి ఆమోదించాక, మొత్తం కాలేయం, కుడి భాగం, ఎడమ భాగం ఘనపరిమాణాన్ని మిల్లీలీటర్లలో చూపుతుంది. దాత అర్హతను ఇది నిర్ణయించదు.’ (స్లైసు అంటే స్కాన్‌లో ఒక్కో అడ్డకోత బొమ్మ. పోర్టల్ వీనస్ దశ అంటే ఎక్కించిన కాంట్రాస్ట్ మందు కాలేయ సిరల్లో బాగా కనబడే సమయం.) ఇందులో ప్రతి మాటా ఒక పరీక్ష అవుతుంది. 1.5 అని రాశాం కాబట్టి 1.6 వచ్చినప్పుడు సాఫ్ట్‌వేర్ ఆగాలి. రేడియాలజిస్టు ఆమోదించాక అన్నాం కాబట్టి ఆమోదం బటన్ నొక్కకుండా అంకె తెర మీదికి రాకూడదు. ‘నిర్ధారణ’, ‘సూచిస్తుంది’, ‘ఆటోమేటిక్’ అనే మాటల్ని అవసరం లేకుండా వాడితే అవే తరగతిని పైకి లాగుతాయి, క్లినికల్ రుజువు భారాన్నీ పెంచుతాయి.

తరగతి ఈ వాక్యాల మీదే ఆధారపడుతుంది. నియమాల మొదటి షెడ్యూల్‌లో వర్గీకరణ సూత్రాలున్నాయి, సాఫ్ట్‌వేర్ల తరగతులతో సీడీఎస్‌సీఓ విడిగా ఒక జాబితా ఇచ్చింది. జాబితాలో పేరు సరిపోలితే చాలదు, పక్కనున్న ఉద్దేశిత వినియోగం కూడా సరిపోలాలి. మా అంకె తప్పితే ఆరోగ్యంగా ఉన్న దాత ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి సీ తరగతి కింద వెళ్లాం. బీ అయితే రాష్ట్ర లైసెన్సింగ్ అధికారికి, అంటే ఇక్కడ ఔషధ నియంత్రణ శాఖకు, ఫారం ఎండీ-3లో దరఖాస్తు వెళ్తుంది. నోటిఫైడ్ బాడీ, అంటే ఆడిట్ కోసం గుర్తింపు పొందిన సంస్థ, ఆడిట్ చేస్తుంది, లైసెన్సు ఎండీ-5లో వస్తుంది. సీ అయితే ఫారం ఎండీ-7 నేరుగా కేంద్రానికి వెళ్తుంది, తనిఖీ సీడీఎస్‌సీఓదే, లైసెన్సు ఎండీ-9. ఫీజు బీకి 5,000 రూపాయలు, ఒక్కో పరికరానికి 500. సీకి 50,000, ఒక్కో పరికరానికి 1,000. ఈ పనిలో ఫీజు అసలు ఖర్చే కాదు.

ఇక్కడ ఒక తికమక ఉంది, మా మొదటి క్వెరీ, అంటే అధికారులు వివరణ అడుగుతూ పంపే ప్రశ్న, దాని మీదే వచ్చింది. సాఫ్ట్‌వేర్ తయారీ ప్రమాణం ఐఈసీ 62304లో కూడా ఏ, బీ, సీ అనే భద్రతా తరగతులున్నాయి. వాటికీ నియమాల్లోని ఏ, బీ, సీ, డీలకూ సంబంధం లేదు. అక్కడ సీ అంటే లోపం వల్ల మరణం లేదా తీవ్రమైన గాయం సంభవించవచ్చని అర్థం. ఒకే పత్రంలో రెంటినీ ‘క్లాస్’ అని రాసేశాం. తరవాత ఒకదాన్ని ‘పరికర తరగతి’ అని, రెండోదాన్ని ‘62304 భద్రతా తరగతి’ అని పత్రాలన్నిట్లో మార్చాల్సి వచ్చింది. మొదటి రోజే ఈ పేర్లు పెట్టుకుంటే ఆ శ్రమ ఉండదు.

తరవాత, ఇలాంటి పరికరం ఇంతకుముందే దేశంలో లైసెన్సు పొందిందా అన్నది చూడాలి. ఉంటే దాన్ని సమాన పరికరంగా చూపించి పోలిక పట్టిక ఇవ్వాలి: ఉద్దేశిత వినియోగం, ఇన్‌పుట్, కొలిచే పద్ధతి, అవుట్‌పుట్, పనితీరు. లేకపోతే ముందు ఎండీ-22లో దరఖాస్తు చేసి ఎండీ-23 అనుమతి మీద క్లినికల్ ఇన్వెస్టిగేషన్ చేయాలి, ఆపైన ఎండీ-26 దరఖాస్తుతో ఎండీ-27 అనుమతి పొందాలి, ఆ తరవాతే లైసెన్సు. ఈ రెండు దారుల మధ్య తేడా ఏళ్లలో ఉంటుంది. అందుకే కొత్త లక్షణాలను మొదటి వెర్షన్‌లో కుక్కవద్దని పరిశోధకులకు గట్టిగా చెబుతాను. రక్తనాళాల పరిధిని బట్టి కోత గీతను తనంతట తాను ప్రతిపాదించే మాడ్యూల్ మాకు చాలా ఇష్టమైనది. దాన్ని తీసి పక్కన పెట్టాకే సమాన పరికరంతో పోలిక నిలబడింది.

ఇక కోడ్ దగ్గరికి వస్తే, పరిశోధన సాఫ్ట్‌వేర్‌కు అసలు చిక్కు అక్కడే ఉంది. ఐదేళ్లుగా నలుగురైదుగురు విద్యార్థులు రాసుకుంటూ పోయిన కోడ్‌కు అవసరాల పత్రం ఉండదు, డిజైన్ పత్రం ఉండదు. 62304కు 2015లో వచ్చిన సవరణలో పాత సాఫ్ట్‌వేర్ కోసం 4.4 అనే సెక్షన్ ఉంది కదా, దాని కింద వెళ్లిపోదాం అని దాదాపు ప్రతి బృందమూ అనుకుంటుంది. అది కుదరదు. చట్టబద్ధంగా మార్కెట్లోకి వచ్చి, ఇప్పటికీ మార్కెట్లో ఉన్న సాఫ్ట్‌వేర్‌కే ఆ సెక్షన్ వర్తిస్తుంది. ల్యాబ్ కోడ్ ఎప్పుడూ మార్కెట్లోకి రాలేదు. మిగిలే దారులు రెండు. పాత కోడ్‌ను ప్రోటోటైపుగా భావించి, అవసరాలు రాసుకుని మళ్లీ కట్టడం ఒకటి. లేదా అందులో కొన్ని ముక్కల్ని ‘మూలం తెలియని సాఫ్ట్‌వేర్’గా, అంటే సూప్‌గా ప్రకటించి, వాటి చుట్టూ కంచె కట్టడం. మేము రెండూ కలిపి చేశాం. డైకామ్ ఫైళ్లు (స్కాన్ బొమ్మలు ఉండే ఫార్మాట్) చదివే భాగం, ఘనపరిమాణం లెక్క, రిపోర్టు, ఈ మూడింటినీ కొత్తగా రాశాం. నమ్‌పై, సింపుల్‌ఐటీకే లాంటి లైబ్రరీలను సూప్ జాబితాలో పెట్టాం.

సూప్ అంటే పేరు, వెర్షన్ రాసి ఊరుకోవడం కాదు. ఒక్కోదాని నుంచి మనకు కావలసిన పని ఏమిటి, అది నడవడానికి ఏ హార్డ్‌వేర్, ఏ సాఫ్ట్‌వేర్ కావాలి, దాని ప్రచురిత లోపాల జాబితాలో మనను తాకేవి ఏవి అన్నవి రాయాలి. పరిశోధన వాతావరణంలో ‘ఇన్‌స్టాల్’ అని ఒక్క కమాండ్ కొడితే వెనకాల పదుల కొద్దీ ప్యాకేజీలు వచ్చి చేరతాయి. వాటన్నిటికీ ఈ పని చేయలేం. కాబట్టి ముందు చేయాల్సింది కత్తిరింపు. గ్రాఫులు గీయడానికో, ఒక్క ఫంక్షన్ కోసమో తెచ్చుకున్న ప్యాకేజీలన్నీ తీసేయాలి. మిగిలినవాటి లైసెన్సులు కూడా అప్పుడే చూడాలి. శిక్షణ పొందిన ఏఐ మోడల్ వెయిట్లకు (అది నేర్చుకున్న అంకెలకు), బహిరంగ డేటాసెట్లకు ‘వాణిజ్యేతర వినియోగానికి మాత్రమే’ అనే షరతు ఉండటం మామూలే. దాన్ని చివర్లో గమనిస్తే మోడల్‌కు మళ్లీ మొదటి నుంచి శిక్షణ ఇవ్వాల్సి వస్తుంది. కోడ్ రాసిన విద్యార్థులు, విశ్వవిద్యాలయం, లైసెన్సు తీసుకునే కంపెనీ మధ్య హక్కుల బదిలీ పత్రం కూడా ఈ దశలోనే సంతకాలు పూర్తి చేసుకోవాలి. విద్యార్థులు విదేశాలకు వెళ్లిపోయాక సంతకాలు సేకరించడం కష్టం.

రిస్కు ఫైలు వైద్య పరికరాల రిస్కు ప్రమాణం ఐఎస్‌ఓ 14971:2019 ప్రకారం రాయాలి. ఇంజినీర్లు మాత్రమే కూర్చుని రాస్తే ‘ప్రోగ్రామ్ క్రాష్ అవడం’ అన్నిటికంటే పైకి వస్తుంది. క్రాష్ అయితే సర్జన్ వేరే పద్ధతిలో కొలుచుకుంటాడు, ఎవరికీ హాని జరగదు. హాని చేసేది నిజంలా కనబడే తప్పు అంకె. మా ఫైలులో అన్నిటికంటే తీవ్రమైనదిగా నిలిచినదాన్ని లెక్కతో సహా చెబుతాను, ఎందుకంటే ఇది ఏ స్కాన్ సాఫ్ట్‌వేర్‌లోనైనా రావచ్చు.

డైకామ్ ఫైలులో ఒక్కో వివరం ఒక్కో నంబరున్న ట్యాగ్‌లో ఉంటుంది. స్లైసు మందం ఒక ట్యాగ్, 0018,0050. స్లైసుల మధ్య అసలు దూరం వేరు. స్కానర్లు చాలాసార్లు స్లైసుల్ని ఒకదాని మీద ఒకటి కొంత కప్పేలా తయారుచేస్తాయి. 1 మి.మీ. మందంతో, 0.8 మి.మీ. దూరంతో వచ్చిన స్కాన్‌లో మందాన్నే దూరంగా తీసుకుంటే ఘనపరిమాణం 25 శాతం పెరుగుతుంది. ఇక చూడండి: 440 మి.లీ. ఉన్న భాగం 550గా కనిపిస్తుంది. గ్రహీత బరువు 60 కిలోలు, 1 మి.లీ. 1 గ్రాము అనుకుంటే నిజమైన నిష్పత్తి 0.73 శాతం, తెర మీద కనిపించేది 0.92. చాలదని చెప్పాల్సిన చోట చాలుతుందని చెబుతోంది. పైగా దాతకు మిగిలే శాతం మాత్రం సరిగ్గానే వస్తుంది, ఎందుకంటే లవం, హారం రెండూ ఒకే నిష్పత్తిలో పెరిగాయి. రెండు అంకెల్లో ఒకటి సరిగ్గా ఉండటంతో రెండోదాన్ని ఎవరూ అనుమానించరు. కాబట్టి దూరాన్ని ట్యాగ్ నుంచి తీసుకోకూడదు. ప్రతి స్లైసు స్థానాన్ని, అంటే 0020,0032 ట్యాగ్‌ను చదివి, స్లైసు తలానికి లంబ దిశలో వరుస తేడాలు తీసి, అవన్నీ సమానమో కాదో చూడాలి.

మధ్యలో ఒక స్లైసు తప్పిపోయినా ఇదే గొడవ. సింపుల్‌ఐటీకే అలాంటప్పుడు అసమాన దూరాలున్నాయని హెచ్చరిక ఒకటి ఇచ్చి ముందుకెళ్లిపోతుంది. పరిశోధనలో హెచ్చరికను లాగ్‌లో వదిలేస్తాం. వైద్యంలో అదే హెచ్చరిక దగ్గర ప్రోగ్రామ్ ఆగి, స్కాన్‌ను తిరస్కరించి, కారణం చెప్పాలి. గ్యాంట్రీ (స్కానర్ రింగ్) వంచి తీసిన స్కాన్లు, పాతవాటిలో రెండు దశలు ఒకే సిరీస్‌లో కలిసి వచ్చినవి, వీటికీ అంతే. కుడి-ఎడమల సంగతి కూడా ఉంది. డైకామ్ అక్షాలు రోగి ఎడమ, వెనక, తల వైపు పెరుగుతాయి. పరిశోధనలో వాడే మరో స్కాన్ ఫార్మాట్ నిఫ్టీలో కుడి, ముందు, తల వైపు. మధ్యలో ఒక మార్పిడి ఎగిరిపోతే కుడి భాగం పేరు ఎడమకు అంటుకుంటుంది. మేము నిఫ్టీని దారిలోంచే తీసేశాం. నాకు తెలిసి అంతకంటే నమ్మకమైన నివారణ లేదు.

రుజువులు సేకరించే ముందు టెస్ట్ లైసెన్సు తీసుకోవాలి. ఎండీ-12లో దరఖాస్తు, ఎండీ-13లో అనుమతి, ఒక్కో పరికరానికి 500 రూపాయలు. ‘సాఫ్ట్‌వేర్‌ను తయారుచేయడం అంటే ఏముంది, ఇప్పటికే ఉంది కదా’ అని దీన్ని దాటేస్తే, తరవాత ఇచ్చే పరీక్ష ఫలితాలన్నీ ఏ అనుమతి కింద చేశారన్న ప్రశ్న వస్తుంది. తేదీలు తిరగబడి ఉంటే దానికి జవాబు ఉండదు. ఇంకో ఉచ్చు కూడా ఉంది. లైసెన్సున్న పరికరాల మీద ఎథిక్స్ కమిటీ ఆమోదంతో చేసే అకడమిక్ స్టడీకి కేంద్ర అనుమతి అక్కర్లేదు, కానీ ఆ డేటాను మార్కెటింగ్ అనుమతి కోసం సమర్పించకూడదని నియమాల్లోనే ఉంది. పాత పేపర్లలోని ఫలితాలు నేపథ్యంగా పనికొస్తాయి, ప్రధాన రుజువు కావు. ప్రధాన రుజువు కోసం పరీక్షను కొత్తగా, ముందే రాసుకున్న ప్రోటోకాల్ ప్రకారం చేయాలి. స్కాన్లలో పేరు, నంబరు తీసేస్తే సరిపోదు. కంపెనీలు సొంతంగా పెట్టుకునే ప్రైవేట్ ట్యాగ్‌లలోనూ, బొమ్మ మీదే ముద్రపడిన అక్షరాల్లోనూ పేర్లు మిగిలి ఉంటాయి. మోడల్ శిక్షణకు వాడిన దాతల స్కాన్లు పరీక్షలోకి రాకుండా రోగి వారీగా విడగొట్టాలి, స్కాన్ వారీగా కాదు.

పరీక్ష మూడు అంచెలుగా చేశాం. తెలిసిన ఘనపరిమాణం ఉన్న ఫాంటమ్‌లను (పరీక్ష కోసం చేసిన నమూనా వస్తువులను) వేర్వేరు మందాలు, దూరాలతో స్కాన్ చేసి చూడటం మొదటిది. ఇద్దరు రేడియాలజిస్టులు విడివిడిగా చేత్తో గీసిన హద్దులతో పోల్చడం రెండోది. ఆపరేషన్‌లో తీసిన భాగాన్ని తూకం వేసి పోల్చడం మూడోది. ఈ మూడోదాంట్లో జాగ్రత్త అవసరం. తీసిన భాగంలోంచి రక్తం పోతుంది కాబట్టి తూకం సీటీ అంచనా కంటే తక్కువ రావడం అందరికీ తెలిసిన సంగతే. దాన్ని సరిచేసే గుణకాన్ని లోపల ఎక్కడో దాచి పెడితే, ఇప్పటికే మనసులో తగ్గించుకుని చూసే సర్జన్ రెండోసారి తగ్గిస్తాడు. మేము మిల్లీలీటర్లే చూపించి, 1 మి.లీ.ని 1 గ్రాముగా లెక్కించామని అంకె పక్కనే రాశాం.

గణాంకాల విషయంలో పరిశోధన అలవాటు ఇక్కడ దెబ్బతీస్తుంది. సహసంబంధ గుణకం 0.99 అని గర్వంగా రాస్తాం. పైన చెప్పిన 25 శాతం తప్పు ప్రతి స్కాన్‌లోనూ ఉన్నా సహసంబంధం 1 దగ్గరే ఉంటుంది. బ్లాండ్-ఆల్ట్‌మన్ పద్ధతిలో సగటు తేడా, దాని హద్దులు చూపాలి, ఆమోదించే హద్దును పరీక్షకు ముందే సర్జన్లతో రాయించి సంతకం తీసుకోవాలి. రెండు హద్దులు ఎంతవరకు కలుస్తాయో చెప్పే డైస్ స్కోరు ఒక్కటే ఇస్తే, తప్పులన్నీ ఒకే వైపు ఉన్నాయా అన్నది తెలియదు.

పరీక్ష మొదలైన రోజు నుంచి వెర్షన్ కదలకూడదు. పరిశోధకులకు ఇదే అన్నిటికంటే కష్టం. చిన్న మెరుగుదల కనబడితే చేయి ఆగదు. బిల్డ్‌కు, అంటే నడిపే తుది ప్రోగ్రామ్‌కు, హ్యాష్ (వేలిముద్ర లాంటి కోడ్) తీసి, అదే హ్యాష్ పరీక్ష రిపోర్టులోనూ, దరఖాస్తులోనూ, తెర మీద ‘గురించి’ పేజీలోనూ కనిపించేలా చేశాం. జీపీయూ (గ్రాఫిక్స్ ప్రాసెసర్) మీద ఒకే స్కాన్‌ను రెండుసార్లు నడిపితే చివరి అంకెలు కాస్త మారతాయి. ఎంతవరకు మారవచ్చో ముందే హద్దు రాసుకోకపోతే అది పరీక్ష వైఫల్యంగానే నమోదవుతుంది.

కాగితాల్లో పెద్దవి రెండు: నాలుగో షెడ్యూల్‌లోని ప్లాంట్ మాస్టర్ ఫైల్ (తయారీ స్థలం వివరాలు), డివైస్ మాస్టర్ ఫైల్ (పరికరం వివరాలు). అవి ఫ్యాక్టరీలను దృష్టిలో పెట్టుకుని రాసినవి. నీటి సరఫరా, స్టెరిలైజేషన్, జీవ అనుకూలత, నిల్వ కాలం, అన్నీ అడుగుతాయి. ఖాళీ వదిలేసినా, ఉత్త ‘వర్తించదు’ అని రాసినా క్వెరీ వస్తుంది. ప్రతి దగ్గరా ఒక వాక్యం కారణం ఇవ్వాలి: భౌతిక భాగం లేదు, రోగి శరీరాన్ని తాకదు కాబట్టి వర్తించదు, అని. ప్లాంట్ లేఅవుట్ చోట కోడ్ రాసే గది, బిల్డ్ సర్వర్, బ్యాకప్ ఉన్న చోటు, ఎవరికి ఏ తలుపు తెరుచుకుంటుందన్నది చూపించాం. లేబుల్ కూడా అంతే. డబ్బా లేదు కాబట్టి తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, వెర్షన్, తయారీ తేదీ ‘గురించి’ పేజీలో, యూజర్ మాన్యువల్ మొదటి పేజీలో రావాలి.

చాలా స్టార్టప్‌లు చూసుకోని నియమం ఒకటుంది: సాంకేతిక సిబ్బంది అర్హత. సంబంధిత డిగ్రీతో పాటు వైద్య పరికరాల తయారీ లేదా పరీక్షలో కనీసం 2 ఏళ్ల అనుభవం ఉన్న మనిషి కావాలి, డిప్లొమా అయితే 4 ఏళ్లు. పదేళ్లు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవారు దొరుకుతారు, వారిలో పరికరాల అనుభవం ఉన్నవారు అరుదు. ఆ నియామకం దరఖాస్తుకు ఏడాది ముందే జరిగితే ఐదో షెడ్యూల్ అడిగే నాణ్యతా వ్యవస్థ రికార్డులు ఆ మనిషి చేతి మీదుగానే పుడతాయి. చివర్లో తెచ్చుకుంటే తాను చూడని పనుల మీద సంతకాలు పెట్టాల్సి వస్తుంది. ఆ పని ఎవరిచేతా చేయించకూడదు.

తనిఖీలో కోడ్‌ను ఎవరూ వరసగా చదవలేదు. ఒక అవసరాన్ని ఎంచుకుని దాని రిస్కు, డిజైన్, పరీక్ష, ఫలితం దాకా దారం పట్టుకుని వెళ్లారు. ఖాళీ మెషీన్ మీద బిల్డ్ మళ్లీ చేసి హ్యాష్ కలుస్తుందో లేదో చూపమన్నారు. బ్యాకప్ ఉందా అని కాదు, తిరిగి తెచ్చి చూపండి అన్నారు. తెరిచి ఉన్న బగ్‌లు ఎన్ని అన్నప్పుడు ‘సున్నా’ అనడం తప్పు జవాబు. ఉన్నవాటిని చూపి, ఒక్కోదానివల్ల రోగికి ఎందుకు హాని లేదో రాసిన పేజీ చూపాలి.

లైసెన్సుకు గడువు లేదు, ఐదేళ్లకోసారి కొనసాగింపు ఫీజు కట్టాలి. మార్పులకు ఆరో షెడ్యూల్ వర్తిస్తుంది. ఉద్దేశిత వినియోగం మారినా, పనితీరును తాకే డిజైన్ మార్పైనా ముందస్తు ఆమోదం కావాలి. చిన్న మార్పైతే 30 రోజుల్లో తెలియజేస్తే చాలు. మోడల్‌కు కొత్త స్కాన్లతో మళ్లీ శిక్షణ ఇస్తే మేము దాన్ని పెద్ద మార్పుగానే చూస్తాం. లైబ్రరీలో భద్రతా లోపం సరిచేస్తే, ఫాంటమ్ పరీక్షలన్నీ మళ్లీ నడిపి అంకెలు కదలలేదని తేలాకే చిన్న మార్పు అంటాం. ఊహించని తీవ్ర దుష్ఫలితం అనుమానం వస్తే 15 రోజుల్లో లైసెన్సింగ్ అధికారికి చెప్పాలి. ఆ ఫారం ఎవరు నింపుతారన్నది ఆసుపత్రితో ఒప్పందంలోనే రాసుకున్నాం.

పరిశోధన మాత్రం ఆగదు, పాత కోడ్ ముందుకు సాగుతూనే ఉంటుంది. అదే పేరు, అదే ఐకాన్‌తో రెండు వెర్షన్లు ఒకే ల్యాప్‌టాప్‌లో ఉంటే ఏదో ఒక రాత్రి తప్పు వెర్షన్ తెరుచుకుంటుంది. పరిశోధన వెర్షన్‌కు పేరు మార్చాం, రంగు మార్చాం, ఆసుపత్రి స్కాన్లన్నీ ఉండే ప్యాక్స్ సర్వర్ నుంచి నేరుగా స్కాన్ తెచ్చుకునే దారి తీసేశాం. దాని ప్రతి బొమ్మ మీదా ‘చికిత్సకు వాడరాదు’ అని పిక్సెళ్లలోనే ముద్రించాం. తెర ఫొటో తీసి వాట్సాప్‌లో సర్జన్‌కు పంపినా ఆ మాట బొమ్మతోపాటే వెళ్తుంది.